అల్లో నొక్కిందెవరు?

పోయిన వేసవిలో నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్లో గంటకు పైగా కూర్చోవాల్సొచ్చింది. నా ఫోను ఛార్జింగ్ పిన్ను మార్చాల్సిన కుర్రాడు దాన్ని విప్పి బల్ల మీద పెట్టి, నాకంటే ముందొచ్చిన పెద్దాయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పెద్దాయనది మర్రిపాడు మండలం, పొగాకు రైతు. "వైరస్ పట్టిందంట అబ్బయా. పొద్దస్తమానం అదే మోత. రాత్రి పన్నెండుకి గూడా కొడతాది" అన్నాడు.

కుర్రాడు పై నుంచి కిందికి వేలు లాగాడు. ఎర్ర త్రిభుజం గుర్తుతో వైరస్ హెచ్చరికలు, లాటరీ తగిలిందని రెండు, ఏదో సినిమా నటి గురించి ఒకటి, ఎవరికో లోను మంజూరైందని ఇంకొకటి. "వైరస్సూ లేదు, ఏం లేదు మామా. ఎప్పుడో అల్లో నొక్కుంటావు" అంటూ క్రోమ్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, సెట్టింగుల్లోకి పోయి, నోటిఫికేషన్ల జాబితా పట్టుకున్నాడు. నలభైకి పైగా సైట్లు ఉన్నాయి. వాటిలో తాను ఒక్కదానికి కూడా ఒప్పుకోలేదని పెద్దాయన వాదన. కుర్రాడు ఒక్కొక్కటే ఆపుకుంటూ కిందికి పోతున్నాడు, పెద్దాయన మెడ సాచి చూస్తున్నాడు. ఒక పేరు దగ్గర గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్నుంచు. డీసీపల్లి ధర దాంట్లోనే వస్తాది."

డీసీపల్లి అంటే మర్రిపాడు మండలంలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉన్న ఊరు. ఆ సైటు చిన్న స్థానిక వార్తల సైటు. నలభై సైట్లను బయటికి తోయనిచ్చిన మనిషే దీన్ని పోనివ్వలేదు.

వెబ్‌సైట్లు నడిపేవాళ్లలో ఈ పుష్ నోటిఫికేషన్ల మీద చాలా ఏళ్లుగా రెండు పక్షాలున్నాయి. నోటిఫికేషన్ పెట్టకపోతే వచ్చినవాడు మళ్లీ రాడని ఒక పక్షం. అనుమతి అడిగే పెట్టె కనపడగానే వచ్చినవాడు కూడా పారిపోతాడని రెండో పక్షం. రెండు పక్షాల దగ్గరా అంకెలున్నాయి. నాకు రెండూ కొంత నిజమే అనిపిస్తాయి గానీ, రెండింటిలోనూ పెద్దాయన లాంటి మనిషి కనపడడు. అందుకే ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి ఒకసారి చూద్దామనిపించింది.

ముందు ఈ సంగతి పనిచేసే తీరు. ఒక సైటు తెరుస్తాం. నోటిఫికేషన్లు పంపమంటారా అని బ్రౌజరు అడుగుతుంది. అల్లో అన్న మీట నొక్కి ఒప్పుకుంటే ఆ ఫోనుకూ ఆ సైటుకూ కలిపి గూగుల్, మొజిల్లా, యాపిల్ లాంటి సంస్థల సర్వర్లో ఒక చిరునామా పుడుతుంది. అప్పటినుంచి సైటు ఆ చిరునామాకు సందేశం పంపితే, మనం ఆ సైటు మూసేసి ఉన్నా ఫోను మోగుతుంది. మన ఫోన్ నంబరు గానీ, ఈమెయిల్ గానీ సైటుకు తెలియనక్కర్లేదు. సైటుకు ఎస్సెమ్మెస్ లాగా ఒక్కో సందేశానికీ టెలికాం ఖర్చు ఉండదు. చిన్న సైటుకు ఇంతకంటే చవకైన దారి లేదు. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. పోస్టుకార్డుకు అర్ధరూపాయి అయినా పెట్టాలంటే మనిషి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఖర్చు లేని చోట రోజుకు ఇరవై పంపినా అడిగేవాడు లేడు.

పాఠకుడు వెతక్కుండానే వార్త అతని దగ్గరికి చేరాలన్న ఈ ఆశ కొత్తది కూడా కాదు. 1996లో అమెరికాలో పాయింట్‌కాస్ట్ అనే ప్రోగ్రాం వచ్చింది. ఆఫీసు కంప్యూటర్ ఖాళీగా ఉంటే తెర మీద వార్తలు, షేర్ల ధరలు దానంతటదే తెచ్చిపెట్టేది. ఇక బ్రౌజర్ల కాలం చెల్లిందని 1997లో వైర్డ్ పత్రిక ముఖచిత్ర కథనమే వేసింది. ఆఫీసుల్లో నెట్‌వర్కులు ఆ బరువుకు మూలిగాయి, కంపెనీలు దాన్ని తీసేయించాయి, రెండు మూడేళ్లలో దాని కథ ముగిసింది. తర్వాత 2009లో ఐఫోనులో యాప్‌లకు పుష్ సేవ వచ్చింది. 2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42తో యాప్ లేని మామూలు వెబ్‌సైటుకు కూడా ఆ గంట అందింది. ఐఫోనులో సైట్లకు ఆ వీలు రావడానికి 2023 మార్చి దాకా పట్టింది, అదీ సైటును హోమ్ స్క్రీన్ మీదికి చేర్చుకుంటేనే. మన పల్లెల్లో దాదాపు అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి వెబ్ పుష్ సుఖదుఃఖాలన్నీ మనకు ముందే అనుభవంలోకి వచ్చాయి.

విసుగు పక్షం చేతిలో ఉన్న గట్టి ఆధారం మొజిల్లా ఇచ్చింది. ఫైర్‌ఫాక్స్ 63 కాలంలో ఒక్క నెలలో వాళ్లు లెక్క తీస్తే, అనుమతి అడిగే పెట్టె 145 కోట్ల సార్లు కనపడింది. ఒప్పుకున్నవి 2 కోట్ల 36 లక్షల చిల్లర. అరవై సార్లు తలుపు తడితే ఒక్కసారి తలుపు తీశారన్నమాట. 2018 డిసెంబరు చివరి నుంచి 2019 జనవరి దాకా ఇంకో పరిశీలనలో, ఈ పెట్టె చూసిన సందర్భాల్లో దాదాపు 19 శాతం మంది ఆ సైటు నుంచే వెళ్లిపోయారు. జనానికి ఏ అనుమతి అడిగినా చిరాకేనేమో అనుకోవడానికి కూడా వీల్లేదు. కెమెరా, మైకు వాడుకుంటామని అడిగితే 85 శాతం దాకా ఒప్పుకున్నారని అదే మొజిల్లా చెప్పింది. వీడియో కాల్ మాట్లాడబోయేవాడికి కెమెరా ఎందుకో తెలుసు. వార్త సగం కూడా చదవని వాడికి నోటిఫికేషన్ ఎందుకో తెలియదు.

ఆ లెక్కల తర్వాత 2020 జనవరి నుంచి ఫైర్‌ఫాక్స్ ఆ పెట్టెను దాచేసి, చిరునామా పట్టీలో చిన్న బొమ్మగా కుదించింది. మరుసటి నెలలోనే క్రోమ్ కూడా నెమ్మది పద్ధతి తెచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ ఇంకో అడుగు వేసింది. మనం పట్టించుకోని సైట్ల అనుమతిని క్రోమే తీసేస్తుందని ప్రకటిస్తూ, మొత్తం నోటిఫికేషన్లలో జనం ముట్టుకునేవి ఒక శాతం కూడా లేవని చెప్పింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ముట్టుకోకపోవడం అంటే పనికిరాకపోవడమేనా? పెద్దాయనకు వచ్చే సందేశం ఎలా ఉంటుందో ఆ కొట్లోనే చూశాను. డీసీపల్లి కేంద్రానికి ఇన్ని బేళ్లు వచ్చాయి, ఇన్ని అమ్ముడుపోయాయి, గరిష్ఠ ధర ఇంత, కనిష్ఠం ఇంత, సరాసరి ఇంత. అంతే, మొత్తం రెండు లైన్లు. ఆయన దాన్ని చదివి పక్కకు తోసేస్తాడు, వేలు పెట్టి లోపలికి పోడు. పోవాల్సిన పనే లేదు. గూగుల్ లెక్కలో ఇది ఎవరూ ముట్టుకోని నోటిఫికేషన్. సైటు లెక్కలో ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు, ఒక్క ప్రకటనా కనపడలేదు, పైసా రాలేదు. రైతు లెక్కలో మాత్రం ఆ రోజుకు కావాల్సిన సమాచారం అదే.

నా మటుకు ఈ మొత్తం గొడవకు వేరు ఇక్కడే ఉంది. సైటుకు డబ్బులొచ్చేది పేజీ తెరిస్తే. అంకె నోటిఫికేషన్‌లోనే చెప్పేస్తే పేజీ ఎవరూ తెరవరు. అందుకని అంకె దాచేస్తారు. "డీసీపల్లిలో పొగాకు ధర ఎంతో తెలిస్తే షాక్" అని పంపుతారు. రైతు ఒకసారి తెరుస్తాడు, రెండుసార్లు తెరుస్తాడు, మూడోసారి తిట్టుకుని వదిలేస్తాడు. అప్పుడు తెరిచేవాళ్లు తగ్గారని సైటువాళ్లు రోజుకు నాలుగు పంపే చోట పది పంపుతారు. విసుగు పెంచే యంత్రం ఇలా తనంతట తనే తిరుగుతుంటుంది. నడిపేవాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, ఆదాయం వచ్చే తీరే వాళ్లను అటు తోస్తుంది.

మరి పడమటి నెల్లూరు మండలాల్లో ఫోను మోగితే ఎవరికి పని? పొగాకు సంగతి చూశాం. డీసీపల్లి, కలిగిరి కేంద్రాల్లో వేలం నడిచే నెలల్లో, ఏ రోజు ఏ గ్రామాల వంతు, నిన్న ఏ గ్రేడు ఎంత పలికింది, ఎన్ని బేళ్లు నో బిడ్ అయి వెనక్కి వచ్చాయి అనేవి పొద్దున్నే తెలియాల్సిన సంగతులు. బేళ్లు ఆటోకెత్తాక తెలిస్తే లాభం లేదు. నిమ్మ రైతుకు పొదలకూరు, గూడూరు మార్కెట్ల ధర కావాలి, అది వారంలో అటూ ఇటూ అయిపోతుంది. అనంతసాగరం, సంగం వైపు వరి వేసేవాడికి సోమశిల నీళ్లు ఏ తేదీన వదులుతారో కావాలి. 78 టీఎంసీల జలాశయం నిండిందా లేదా అన్నది ఇక్కడ పంచాంగం లాంటి ప్రశ్న. కువైట్‌లో ఉండే ఉదయగిరి కుర్రాడికి ఏఎస్‌పేట దర్గా గంధం ఎప్పుడో కావాలి, బెంగుళూరులో ఉండేవాడికి సంక్రాంతికి అదనపు బస్సు కావాలి. వీటన్నిటికీ రెండు లక్షణాలున్నాయి. ఒక ఊరికి సంబంధించినవి, ఒక తేదీలోపు తెలియాల్సినవి. ఈ రెండూ లేని సందేశం ఎంత మంచిదైనా తీరుబడిగా చదువుకునేది. దానికి ఫోను మోగించడం పిలవని పేరంటానికి పోయి తాంబూలం అడిగినట్టు.

తెలుగువాళ్ల దగ్గర ఈ పాఠం పాతదే. 2006లో హైదరాబాదులో వే2ఎస్సెమ్మెస్ మొదలైంది. నెట్‌లోంచి ఉచితంగా ఎస్సెమ్మెస్ పంపుకునే సైటు. మా తరం కాలేజీ రోజుల్లో ఉదయగిరి నెట్ సెంటర్లో గంటకు ఇంత అని కట్టి దాంట్లోంచే పండగ శుభాకాంక్షలు పంపేవాళ్లం. ఉచితం కాబట్టి కవితలు, జోకులు, ఫార్వర్డులు, వ్యాపార ప్రకటనలు అన్నీ ఎస్సెమ్మెస్‌లోకే వచ్చి పడ్డ కాలం అది. 2011 సెప్టెంబరు 27 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధన అమల్లోకి తెచ్చి, ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లకు మించి వెళ్లకూడదంది, కొన్ని వారాల్లోనే దాన్ని 200 చేసింది. ఉచిత ఎస్సెమ్మెస్ వైభవం సన్నగిల్లింది. ఆ సంస్థే తర్వాత వే2న్యూస్‌గా మారి, చిన్న చిన్న తెలుగు వార్తల యాప్ అయి, మండలం దాకా దిగింది. నాకు ఆసక్తిగా అనిపించేది ఈ మలుపే. అందరికీ అన్నీ పంపే దారి మూసుకుపోయాక, ఎవరి ఊరి వార్త వాళ్లకిచ్చే దారిలో వాళ్లు మళ్లీ పాఠకుల్ని వెతుక్కున్నారు. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టి చేసిందీ ఇలాంటిదే. తమ ఊరి పేరు అచ్చులో చూసుకోవాలనే కోరిక పత్రికను పల్లె దాకా లాక్కుపోయింది. ఎవరూ గంట కొట్టలేదు.

ఎన్నిసార్లు మోగాలి అన్నదాని మీద ఒక మంచి ప్రయోగం 2019లో అచ్చయింది. 237 మందిని కొన్ని గుంపులుగా విడదీశారు. కొందరికి నోటిఫికేషన్లు ఎప్పటిలాగే వస్తాయి, కొందరికి రోజుకు మూడుసార్లు మూట కట్టి వస్తాయి, కొందరికి అసలు రావు. మూట కట్టి అందుకున్నవాళ్లు నిబ్బరంగా, చేసే పని మీద ధ్యాసతో ఉన్నారు. అసలు రానివాళ్లకు ఆ మేలు పెద్దగా దక్కలేదు, పైగా ఏం పోగొట్టుకుంటున్నామో అని ఆందోళన పెరిగింది. ఇది చదివినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఆయనకు వార్తలంటే పొద్దున రేడియో, సాయంత్రం రేడియో. మధ్యలో ప్రపంచం తలకిందులైనా సాయంత్రం చెప్తారులే అన్న ధీమా. ఆకాశవాణి ఆయన్ని ఒక్కనాడూ పిలవలేదు, ఈయనే వేళకు పోయి మీట తిప్పేవాడు.

పాఠకులు ఎలా పుడతారన్నదానికి ఈ ప్రాంతంలోనే దేశం చెప్పుకునే కథ ఒకటుంది. కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పని చేసి, రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టుకునే ఆడవాళ్ల బడులు. ఆ వాచకాల్లో సీతమ్మ కథ ఉంది. సారా వల్ల సంసారం కూలిన ఒక ఆడమనిషి కథ. చదువుతున్నవాళ్లకు అది పాఠంలాగా లేదు, పక్కింటి సంగతిలాగా, తమ ఇంటి సంగతిలాగా ఉంది. దూబగుంటలో ఆడవాళ్లు కదిలి సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ తర్వాతి వాచకంలో దూబగుంట కథే పాఠమైంది. అది చదివిన ఇంకో ఊరి ఆడవాళ్లు, వాళ్లు చేయగా లేంది మనమెందుకు చేయలేమన్నారు. 1992కి సారా వేలం పాటలు జరగనివ్వని దాకా పోయింది. ఈనాడు 'సారాపై సమరం' పేరుతో ఆ వార్తలకు చోటిచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

నోటిఫికేషన్ల వ్యాసంలో ఈ కథ ఎందుకంటారా? ఇక్కడ చదివేవాళ్లను పుట్టించింది మోత కాదు కాబట్టి. రాత్రి బడికి పిలవడానికి కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు, అదీ నిజం. తలుపు తట్టడం అక్కడా ఉంది. కానీ తలుపు తట్టిన మనిషి ముఖం తెలుసు, ఎందుకు తట్టాడో తెలుసు, రేపు రావద్దంటే రాడు. ఒకసారి బడిలో కూర్చున్నాక రెండోరోజు ఆమె తలుపు ఎవరూ తట్టనక్కర్లేదు, కథ తర్వాత ఏమైందో అని ఆమే వచ్చేది. ఇప్పటి సైట్లు మొదటి వాక్యం చదవనివ్వకుండానే రేపటి బడికి హామీ అడుగుతున్నాయి.

ఎంత విసుగైనా మోగి తీరాల్సిన గంటలూ ఉన్నాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. కింద ఊళ్లను నీళ్లు ముంచెత్తి పదుల సంఖ్యలో ప్రాణాలు తీశాయి. సకాలంలో హెచ్చరిక అందలేదని బాధితులు చెప్పుకున్నారు. ఆ చెయ్యేరు పోయి కలిసేది పెన్నలోనే, పెన్న వచ్చేది సోమశిలకే. ఆ వరదల్లో సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది, సంగం నుంచి నెల్లూరు దాకా పెన్న ఒడ్డు వణికిపోయింది. అలాంటి రాత్రి అనుమతి అడిగే పెట్టెకు అర్థం లేదు. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా వింత మోత మోగి, ఇది పరీక్షా సందేశం అని తెర మీద కనపడింది కదా, అది టెలికాం శాఖ చేసిన సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. ఒక టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళ్తుంది, నంబర్లు తెలియనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పూర్వం ఊళ్లో తప్పెట కొట్టి చాటింపు వేసేవాళ్లు. వినను అనే వీలు లేదు. అయితే ఆ తప్పెట అందరి చేతిలోనూ ఉండేది కాదు, రోజూ మోగేదీ కాదు. మోగిందంటే చెరువు తెగిందో, శిస్తు కట్టాలో, ఏదో ఉందని పనులాపి వినేవాళ్లు.

ఇలాంటి చాటింపునూ మామూలు నోటిఫికేషన్‌నూ కలిపేస్తేనే ప్రమాదం. 2018 జనవరి 13న హవాయి దీవుల్లో క్షిపణి వస్తోందని పొరపాటున అందరి ఫోన్లకూ హెచ్చరిక వెళ్లింది, తప్పని చెప్పే సందేశం 38 నిమిషాలకు గానీ రాలేదు. అది ఒక్క పొరపాటు. మన ఫోన్లలో అలాంటి చిన్న పొరపాట్లు రోజూ జరుగుతున్నాయి. మామూలు వార్తకు ఎర్ర అక్షరాలు, బిగ్ అలర్ట్, ఏపీకి పొంచి ఉన్న ముప్పు. చదివితే ఎక్కడో అండమాన్ దగ్గర అల్పపీడనం ఏర్పడే అవకాశం. నాన్నా పులి కథలో పిల్లవాడు మూడోసారికి మునిగాడు. ఈ సైట్లు మునిగితే మునగనీ, విపత్తుల సంస్థ పంపే పిడుగుల సందేశాన్ని కూడా రైతు అలాగే పక్కకు తోసేస్తే దానికి ఎవరిని అడగాలి?

చట్టం సంగతి చూస్తే చిత్రంగా ఉంటుంది. అక్కర్లేని కాల్స్, ఎస్సెమ్మెస్‌ల మీద 1909 నంబరుకు చెప్పుకోవచ్చు. వెబ్ పుష్ టెలికాం సందేశం కాదు, ఆ గొడుగు కిందికి రాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, వినియోగదారుణ్ణి మభ్యపెట్టే 13 రకాల డిజిటల్ ఎత్తుగడల మీద మార్గదర్శకాలు తెచ్చింది. వాటిలో ఒకటి పదేపదే సతాయించడం. వద్దు అనే వీలు లేకుండా నోటిఫికేషన్లు పెట్టుకోమని అడుగుతూనే ఉండటాన్ని అక్కడ ఉదాహరణగానే రాశారు. ఇప్పుడొకసారి మన తెలుగు సైట్లు నాలుగు తెరిచి చూడండి. అవును, తర్వాత అని రెండు మీటలుంటాయి. వద్దు ఎక్కడ? తర్వాత నొక్కిన ప్రతివాడూ రేపు మళ్లీ అదే పెట్టె చూస్తాడు. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సమ్మతి అంటే స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టంగా ఇచ్చేదంది, కావాలంటే మన భాషలో అడగాలంది. పెద్దాయన ఫోను ఇంగ్లీషులో ఉంది. అల్లో, బ్లాక్ అనే రెండు మాటల్లో నీలంగా మెరిసేది నొక్కితే పెట్టె పోతుందని ఆయనకు అనుభవం మీద తెలుసు. రోబో కాదని నిరూపించడానికి అల్లో నొక్కు అనే దొంగ పేజీలు సరిగ్గా ఈ అలవాటు మీదే బతుకుతున్నాయి. ఆ నలభై సైట్లలో సగం అలా దూరినవేనని కొట్టు కుర్రాడు అన్నాడు.

సైట్లు నడిపేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది, సిగ్నల్. సీతారామపురం వైపు వెలిగొండల అంచుకు పోతే కొన్ని చోట్ల ఫోను మూగబోతుంది. పుష్ సేవలు అందని సందేశాన్ని పారేయవు, దాచిపెడతాయి. ఎన్నాళ్లు దాచాలో పంపేవాడు చెప్పకపోతే నాలుగు వారాల దాకా ఉంచే సేవలున్నాయి. కొండ దిగి దుత్తలూరు చేరగానే రెండు రోజుల సందేశాలు ఒక్కసారి మీద పడతాయి. నిన్నటి పిడుగు, మొన్నటి నిమ్మ ధర, అయిపోయిన కరెంటు కోత. గడువు పెట్టే వీలుంది, పాత సందేశాన్ని కొత్తది తుడిచేసే వీలూ ఉంది. ధర పంపేవాడు సాయంత్రానికి అది చెల్లదని రాసిపెట్టడం ఒక్క లైను పని. మద్రాసులోనో హైదరాబాదులోనో ఫైవ్‌జీ కింద కూర్చుని పంపేవాళ్లకు ఇది తట్టదు.

ప్రతి సైటుకూ గంట కావాలా అన్నది వేరే ప్రశ్న. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చూసే ఉంటారు. ఆ కొండల చెక్కతో చెక్కిన ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాటిని ఆన్‌లైన్లో అమ్ముకుంటే బాగుంటుందని, దానికి సైటు పెట్టి నోటిఫికేషన్లు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మంచి చెక్క గరిటె కొన్న ఇల్లాలు ఏళ్ల తరబడి ఇంకోటి కొనదు, అదే దాని గొప్ప. ఆమెకు వారానికోసారి గరిటె గుర్తుచేస్తే ఆ గరిటె మీదే విసుగొస్తుంది. ఆమెకు కావాల్సింది చెక్కిన మనిషి వాట్సాప్ నంబరు, చెల్లెలి పెళ్లికి ఆరు చెంచాలు చెప్పాలనుకున్న రోజు తడుముకోకుండా దొరికేలా. తనకు పని ఉన్నప్పుడు తానే వచ్చేవాళ్లను తెచ్చుకోవడం కూడా పాఠకుల్ని, కొనుగోలుదారుల్ని పెంచుకోవడమే. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో తెచ్చిన మన మిత్ర సేవలో కూడా మాట మొదలుపెట్టేది పౌరుడే. పాఠకుడి వైపు నుంచి చూస్తే ఆ పద్ధతే నాకు మర్యాదగా తోస్తుంది.

ప్రపంచం మొత్తం చూసినా బొమ్మ ఇలాగే ఉంది. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2025 నివేదికలో, అడిగినవాళ్లలో 79 శాతం మందికి మామూలు వారంలో వార్తల అలర్టు ఒక్కటీ రావడం లేదు. అలా రానివాళ్లలో 43 శాతం తామే పనిగట్టుకుని ఆపేసుకున్నారు. అదే నివేదికలో అమెరికాలో వారానికోసారైనా వార్తల అలర్టు చూసేవాళ్లు 2014లో 6 శాతం ఉంటే ఇప్పుడు 23 శాతం. అంటే ఆపేసినవాళ్లూ చాలామందే ఉన్నారు, ఉంచుకునేవాళ్లూ పెరిగారు. రెండు పక్షాలూ ఇదే నివేదికను పట్టుకుని చెరో వైపు లాగొచ్చు. నేను మాత్రం ఆ 23లో ఉన్నవాళ్లు ఏం ఉంచుకున్నారో చూడాలంటాను. అల్లో ఎంతమంది నొక్కారన్న లెక్క వ్యాపారికి చూపించుకోవడానికి పనికొస్తుంది. ఫోను మారిస్తే, బ్రౌజరు డేటా తుడిస్తే, క్రోమ్‌కు కోపమొస్తే ఆ లెక్క ఒక్క రోజులో ఎగిరిపోతుంది. ఒకప్పుడు నెల్లూరు జమీన్ రైతు పత్రికకు చందా కట్టినవాడు తన ఊరి పోస్టాఫీసు చిరునామా ఇచ్చి, డబ్బు మనియార్డరు చేసి, పత్రిక రాకపోతే కార్డు రాసి అడిగేవాడు. సబ్‌స్క్రైబర్ అన్న మాటను మనవాళ్లు చందాదారు అని తెలుగు చేసుకున్నప్పుడు దాంట్లో ఆ అడిగే హక్కు కూడా ఉంది.

నా ఫోను తయారయ్యేసరికి పెద్దాయన డబ్బులిచ్చి లేచాడు. కుర్రాడు ఆ ఒక్క సైటూ, ఇంకేదో దేవాలయం సైటూ ఉంచాడు. బయటికి వస్తూ అడిగాను, ఒకరోజు ఆ డీసీపల్లి ధర రాకపోతే ఏం చేస్తారని.

"మొన్న రాలా" అన్నాడు. "ఆ రాసే అబ్బయ్యకే ఫోన్ చేశా. జొరమొచ్చి పడుకున్నాడంట పాపం. ధర నోటితోనే చెప్పాడు."